నత్తకు పెట్టిన కొత్త గుణాలు

ఆ అనాథ పిల్లల ఆశ్రమంలో పిల్లల్ని చూసుకునే పెద్దమ్మకు తెలిసిన పొగడ్త ఒక్కటే, బుద్ధిమంతురాలు. మగపిల్లాడైతే బుద్ధిమంతుడు. పెంచుకోవడానికి దంపతులెవరైనా వస్తే, పక్కన నిలబడి ఒక్కో పిల్ల గురించి నాలుగు ముక్కలు చెప్పడం ఆవిడ పని. కిటికీ అద్దాలు పగలగొట్టేవాడూ బుద్ధిమంతుడే, పక్క తడిపేదీ బుద్ధిమంతురాలే.

"అందరూ బుద్ధిమంతులైతే వాళ్లు ఎవర్ని ఎంచుకోవాలి?" అని నిర్వాహకురాలు విసుక్కుంది. "కాస్త కొత్త మాటలు నేర్చుకోండి పెద్దమ్మా."

పెద్దమ్మ పట్టు పడితే వదిలే రకం కాదు. పాత పేపర్లు ముందేసుకుని ఉద్యోగ ప్రకటనల్లోంచి మాటలు ఏరింది. చురుకైన, చొరవ గల, నలుగురిలో ఇట్టే కలిసిపోయే. కూరలు తరుగుతూ వల్లెవేసింది. "ఏంటి పెద్దమ్మా, ఈ వయసులో ఉద్యోగాల వేటా?" అని వంటమనిషి ఆటపట్టించింది కూడా.

ఆ ఆరాటమంతా నత్త కోసమే. ఎనిమిదేళ్ల ఆ పిల్లకు తోటివాళ్లు పెట్టిన పేరది. ఎవరు పలకరించినా తల భుజాల్లోకి లాక్కునేది. వచ్చినవాళ్లు ఒక్క చూపు చూసి పక్కపిల్ల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. కానీ పడకగదిలో ఎవరైనా ఏడిస్తే లేచి వెళ్లి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చునేది. ఏడుపు ఆగేదాకా కదిలేది కాదు. ఆ గుణాన్ని ఏమంటారో పెద్దమ్మకు ఏ ప్రకటనలోనూ దొరకలేదు. దొరకలేదు గనక చెప్పడం మానేసింది. కొంప మునిగింది అక్కడే.

ఈసారి దంపతులు రాగానే నత్తను చూపించి పెద్దమ్మ అందుకుంది, ఇక ఆగితేగా! "భలే చలాకీ పిల్లండీ. చొరవ ఎక్కువ. ఎవరొచ్చినా ఇట్టే కలిసిపోతుంది." భార్య ముఖం వెలిగిపోయింది. నత్త మాత్రం తెల్లబోయి పెద్దమ్మనే చూస్తూ నిలబడింది. ముందు కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని చూడమనడం అక్కడి పద్ధతి. అలాగే తీసుకెళ్లారు.

చలికాలం పోకముందే తిరిగి తీసుకొచ్చారు.

"పిల్లది తప్పని కాదండీ," అందావిడ కళ్లొత్తుకుంటూ. "కానీ మీరు చెప్పిన పిల్ల కాదు. ఇంటికి ఎవరొచ్చినా మధ్యలోకొచ్చి పెద్దగా నవ్వుతుంది. ఎందుకు నవ్వుతుందో తెలీదు. వాళ్లు వెళ్లాక ఒళ్లంతా వణుకుతుంది. చూడలేకపోయాం."

మేలు చేస్తున్నాననుకుని, పెద్దమ్మ చేజేతులా పిల్ల బతుకు పాడుచేసింది. వాళ్లు వెళ్లిపోయాక సంచి విప్పి, గౌన్లు అలమారలో సర్దుతూ, "తప్పంతా నాదేనే తల్లీ," అని భోరుమంది.

నత్త ఏడవలేదు. మంచం అంచున నిటారుగా కూర్చుని, పెదాలు బాగా సాగదీసి నవ్వింది.

"బాధపడకండి పెద్దమ్మా. ఈసారి వచ్చేవాళ్లకి నేను ఎలాంటిదాన్నని చెప్తారో నాకు ముందే చెప్పేయండి. ఈసారి బాగా నేర్చుకుంటాను."