కాలవగట్టు మీద బాతులు

పొద్దున్నే గూడు తలుపు తీసి, నూకలు చల్లి, కోళ్లని ఒక్కొక్కటిగా ఒళ్లోకి తీసుకుని చూడ్డం గంగాదేవికి అలవాటు. లోపల రోగం ఉన్న ప్రాణిని ముట్టుకుంటే చాలు, జ్వరం పైకి తేలకముందే ఆవిడ చేతి ఆకుపచ్చ గాజులు పసుపురంగుకి తిరిగేవి. ముక్తేశ్వరం చుట్టుపక్కల తల్లులు పిల్లల్ని ఆవిడ చేతికి ఓసారి తగిలించి మరీ బడికి పంపేవారు.

రెండువేల ఆరు మాఘమాసంలో, ఎక్కడో మహారాష్ట్రలో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చిందని టీవీలో చెప్పేరు. ఆ వారంలోనే గంగాదేవి గాజులు రోజూ పసుపెక్కేయి. నలభై కోళ్లలో పదకొండు పోయేయి. “నేను పూడ్చేస్తాలే,” అని వాటిని సంచిలో వేసుకుని వెళ్లేడు భర్త సత్యదుర్గారావు.

ఊరివాళ్ల కళ్లన్నీ బాతులు మేపుకునే సాలమోను మీద పడ్డాయి. అతను అంతకు కొద్దిరోజుల ముందే పైఊరి నుంచి ఆరువందల బాతుల్ని తోలుకొచ్చి కాలవగట్టు మీద దిగేడు.

“బాతులకి ఏమీ అవదటే. రోగం మోసుకొచ్చి మన కోళ్లకి అంటిస్తాయి. పశువుల డాక్టరుగారు వచ్చేవారం వస్తున్నారు. చెప్తే బాతుల మందని మొత్తం గోతిలో పూడ్చేస్తారు,” అన్నాడు సత్యదుర్గారావు దగ్గుతూ.

గంగాదేవికీ అనుమానమే. సాలమోను ఏదో పూడ్చి సున్నం చల్లడం కళ్లారా చూసింది మరి. ఊరుకోలేక ఆ మధ్యాహ్నం గట్టు మీదకి వెళ్లింది.

“ఏం పూడ్చేవు సాలమోనూ? నీ బాతులు చచ్చిపోతున్నాయా?”

“లేదండీ అమ్మగారూ. పట్టుకు చూసుకోండి.”

ముప్ఫై బాతుల్ని పట్టుకుంది. అతని చెయ్యీ పట్టుకుంది. గాజులు రంగు మారలేదు. అయినా మనసు ఒప్పలేదు. “ఆ గొయ్యి తవ్వు,” అంది.

అతను పార తెచ్చి తవ్వేడు. సున్నం కింద నాటుకోళ్లు. ఎర్రపెట్ట కాలికి తను కట్టిన నీలం పీలిక అలాగే ఉంది.

“ఇవి కాలవలో కొట్టుకొచ్చేయండి. దిగువన జనం తాగే నీళ్లు కదండీ, తీసి పూడ్చేను.”

“ఎవరివో తెలుసా?”

“ఆయ్, తెలుసండి. చెప్తే నమ్ముతారాండి?”

గంగాదేవి విసవిసా ఇంటికొచ్చింది. “పూడ్చేనన్నారు! కాలవలో పారేసేరా?” అని భర్త చెయ్యి పట్టుకుని లాగింది. గాజులు పసుపు దాటి ఎర్రబడ్డాయి. వెంటనే ఆటో పిలిచి ఆయన్ని అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్లింది.

“ఇది మనుషుల ఫ్లూయేనండి, కోళ్లది కాదు. కానీ ఊపిరితిత్తులకి దిగింది. రేపటిదాకా ఆగుంటే మా చేతుల్లో ఉండేది కాదు,” అన్నాడు డాక్టరు. ఆ మాట కూడా ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. ఆయన లేచి కూర్చునేదాకా ఐదురోజులూ చెయ్యి వదల్లేదు.

పశువుల డాక్టరు వచ్చిన రోజున ఊరంతా గట్టు మీద చేరి సాలమోనుని చూపించేరు. “కోళ్లు ముందు ఎవరింట్లో చచ్చేయి?” అని ఆయన అడిగేడు.

దుప్పటి కప్పుకుని వెనక నించున్న సత్యదుర్గారావు ముందుకొచ్చేడు. “మా ఇంట్లోనండి. తెలిస్తే మిగిలినవి ఎవరూ కొనరని చచ్చినవాటిని కాలవలో పారేసేను. ఇతను తీసి పూడ్చేడు.”

పరీక్ష చేయిస్తే అది బర్డ్ ఫ్లూ కాదని, కోళ్లకి మామూలుగా వచ్చే కొక్కెర తెగులేనని తేలింది. బాతుల జోలికి ఎవరూ పోలేదు.

కబురు తెలిసిన సాయంత్రమే సాలమోను మందని కదిపేడు. గంగాదేవి ఎదురెళ్లింది. “ఇంకెందుకు వెళ్లడం? అంతా తేలిపోయింది కదా, ఉండు.”

“ఈసారికి తేలిందండి,” అన్నాడు సాలమోను. గెడకర్ర నీళ్లమీద తట్టేడు. ఆరువందల బాతులూ దిగువకి మళ్లేయి.