కర్ర చేసిన చప్పుడు

బుచ్చిరాములు అన్నం తిని లేస్తూ ఒక కాగితాన్ని భార్య అనసూర్య ముందుకు జరిపాడు. మర్నాడు పొద్దున గనుల ఇన్‌స్పెక్టర్ విచారణకు వస్తున్నాడు. బొగ్గుబాయిలో కప్పు కూలి కొమురెల్లి అనే కూలీ చనిపోయి వారం దాటింది. ఆ చోట పని చేయించే సర్దారు ఎల్లేశం కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అతను తెలుగులో చెప్పిన వాంగ్మూలాన్ని, అతని పైన ఓవర్‌మన్‌గా ఉన్న బుచ్చిరాములే ఇంగ్లీషులో రాశాడు. అనసూర్య హైదరాబాదులో కాలేజీ చదువు చదివింది కాబట్టి దాన్ని దిద్ది, మంచి దస్తూరితో తిరగరాయాలి.

"తప్పులుంటె దిద్దు. అర్థం మార్చకు," అని చెప్పి అతను ఆఫీసుకు పోయాడు.

ఎల్లేశం అజాగ్రత్త వల్లనే కప్పు కూలిందని తేలితే అతని సర్దారు సర్టిఫికెట్ పోతుంది, కంపెనీ క్వార్టరూ పోతుంది. కాలనీలో ఆ మాట ఇప్పటికే పాకిపోయింది.

అనసూర్య కాగితం చదివింది. నాయిస్ విన్నాను. నాయిస్ గురించి ఓవర్‌మన్‌కు చెప్పాను. నాయిస్ మామూలే అన్నారు. తర్వాత పెద్ద నాయిస్ వచ్చింది. ఒకే మాట ఇన్నిసార్లు రావడం కాలేజీలో ఇంగ్లీషు చెప్పినావిడ చూస్తే పేజీ అంతా ఎర్రసిరా సున్నాలు చుట్టేది. ఒక్కో చోట ఒక్కో మాట వేద్దామని అనసూర్య పెన్సిల్ అందుకుంది. చివరిదానికి క్రాష్ అన్నది ఇట్టే కుదిరింది. మొదటి దాని దగ్గరే చెయ్యి ఆగిపోయింది. క్రాక్ అంటే ఒక్క క్షణంలో పెట్లి పగిలే చప్పుడు. థడ్ అంటే బరువైనదేదో కింద పడాలి. రంబుల్ ఎక్కడో దూరాన మొదలై దొర్లుకుంటూ వస్తుంది. ఎల్లేశం విన్నది వీటిలో ఏది? తెలియకుండా ఏదో ఒకటి వేస్తే అది దిద్దడం కాదు, కల్పించడం.

చెప్పులేసుకొని వెనక వరుసలోని ఎల్లేశం ఇంటికి పోయింది.

గుమ్మంలోనే అతని భార్య సత్తవ్వ అడ్డం నిలబడింది. "మల్ల ఏం గావాలె అమ్మా? ఆయన చెప్పింది మీ సారు రాసుకపోయిండు గదా."

చప్పుడు ఎట్లాంటిదో అడగడానికి వచ్చానని అనసూర్య చెప్పింది. మంచంలో ఎల్లేశం గోడవైపు చూశాడు. సప్పుడంటే సప్పుడే, రాసింది చాలన్నాడు. పెట్లినట్టా, కూలినట్టా అని ఆమె మళ్ళీ అడిగింది. అతను దుప్పటి పైకి లాక్కున్నాడు.

"చెప్పరాదు?" అంది సత్తవ్వ. "కాలే గదా ఇరిగింది, నోరు గాదు గదా."

"మూలిగినయమ్మా," అన్నాడు చివరికి. "కప్పు కింద నిలబెట్టిన కర్రలు. ఒక్కపారి గాదు. మేం దిగినకాన్నుంచి మూలుగుడే."

అనసూర్యకు గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో భర్త గొప్పగా చెప్పిన సంగతే అది. కప్పు బరువు మీదికి దిగుతుంటే కర్ర విరగకముందే మూలుగుతుంది, అందుకే ఇనుము కన్నా కర్రే నమ్మకం. అది మూలిగితే మందిని బయటికి తీసి ఆ దారికి అడ్డం కట్టాలి.

"మా ఆయనకు ఏమని చెప్పినవ్?"

"గిదే చెప్పిన. మూలుగుతున్నయి సార్, మందిని తీస్త అన్న. జర ఆగు, ఉన్న బొగ్గు డబ్బాలు నిండనియ్యి అన్నడు. నేను గూడ ఆగితి. అది నా తప్పే." ఎల్లేశం గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇది నేను చెప్పిన్నని అనకుండ్రి. సారు పెద్దోడు."

ఇంటికొచ్చి అనసూర్య తెల్లకాగితం పరిచింది. క్రీక్ అని రాయవచ్చు. తలుపు క్రీక్ అంటుంది, బండి ఇరుసూ అంటుంది, దాన్ని మామూలే అని కొట్టేస్తే తప్పు పట్టేవాళ్ళుండరు. గ్రోన్, అంటే మూలుగు, అట్లా కాదు. మోయలేని బరువు మీద పడ్డప్పుడే ఆ చప్పుడు పుడుతుంది. ఆ మాట రాస్తే, విని కూడా పని ఆపనివాడు తన భర్త అవుతాడు. ఆమె కలం సిరాలో ముంచి, గ్రోనింగ్ ఆఫ్ ది ప్రాప్స్, కర్రల మూలుగు, అని రాసింది. మిగతాది ఆగకుండా పూర్తి చేసింది.

పొద్దు వాలుతుండగా వచ్చిన బుచ్చిరాములు బూట్లు విప్పకుండా నిలబడే చదివాడు.

"అర్థం మార్చకన్న గదా."

"మార్చింది నేను గాదు."

"ఎల్లేశం దగ్గరికి పోయినవా?"

"పోయిన. ఆయన చెప్పనన్నడు. గుచ్చి గుచ్చి అడిగింది నేనే."

"గీ మాటతోని నా సర్టిఫికెట్ పోతది. ఎరికేనా?"

"ఎరికే. మీ మాటతోని ఎల్లేశంది పోతుండె."

అతను కుర్చీలో కూలబడ్డాడు. నడిమిట్ల మాట ఏదన్నా లేదా అని అడిగాడు. ఉందని ఆమె ఒప్పుకుంది, క్రీక్ అని కూడా చెప్పింది. "రేపు గా ఇన్‌స్పెక్టర్ సారు ముంగట నిలబడి గదే మాట మీ నోటితోని చెప్తనంటె చెప్పుండ్రి. ఇప్పుడే మార్చి రాస్త."

అతను కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. వీధిలో షిఫ్టు దిగినవాళ్ళు మాట్లాడుకుంటూ పోతున్నారు.

"ఎల్లేశం చెప్పేదేంది," అన్నాడు. "నేను గూడ విన్న. ఇన్నంకనే డబ్బాలు నిండనియ్యమన్న."

అతను లేచి, ఎల్లేశంతోని ఏలుముద్ర ఇప్పుడే పెట్టించాలె, పొద్దటిదాక నా దగ్గరుంటె చింపుత అన్నాడు. సిరా ప్యాడు ఆమె తీసుకుంది. ఇద్దరూ కలిసి నడిచారు.

ఓవర్‌మన్‌ను చూసి సత్తవ్వ దారి వదిలింది కాని కూర్చోమనలేదు. బుచ్చిరాములు మంచం పక్కన నిలబడి ఒక్కో ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో వినిపించాడు. "కర్రలు మూలుగుతున్నయని నేను ఓవర్‌మన్‌కు చెప్పిన. డబ్బాలు నిండనియ్యమని ఆయన అన్నడు."

ఎల్లేశం కాగితాన్ని చూడలేదు, అతని మొహాన్నే చూశాడు. "గట్లనే ఉంచుతరా సార్?"

"ఉంచుత."

ఎల్లేశం బొటనవేలు చాపాడు. బుచ్చిరాములు వంగి అతని మణికట్టు పట్టుకున్నాడు, సిరా అద్ది, కాగితం మీద తానే ఒత్తించాడు.