వెలగని ఎర్రదీపం

అన్యాయం ఎవరికి జరిగింది? వార్తలు చదివే ఒక ఆడమనిషికి. ఎలా జరిగింది? వరద మృతుల వార్త చదవవలసిన క్షణాన ఆమె పగలబడి నవ్వుతూ ఊరందరి కంటా పడింది. ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌లో జోకు వేసినవాడు డైరెక్టరు. ఆ స్టూడియోలో దీపానికొక మీట, కెమెరాకూ మైకుకూ కలిపి ఒక మీట. ముందు, ప్రసారం మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలిగించి, ఆ తర్వాతే కెమెరా కలపాలి. అతడు దీపం మరచి కెమెరా కలిపాడు. నింద ఆమె నెత్తిన పడింది. ఉద్యోగం పోయింది, ఇంటిమీద రాళ్లు పడ్డాయి.

ఇప్పుడు ఆ మీటల ముందు కూర్చునేది ఆమె కూతురు. ఎవరి కూతురో అక్కడ ఎవరికీ తెలియదు. నాటి డైరెక్టరు నేడు ఛానెల్‌కే పెద్ద. తెరమీది పొరపాట్ల కార్యక్రమాన్ని ఏటా తానే ప్రత్యక్షంగా నడుపుతాడు.

ఆ ఉదయం తల్లి అడిగింది: "ఏమే, ఇవాళ కూడా నన్ను చూపిస్తారా?"

"చూపిస్తారమ్మా. ఈసారి టీవీ కట్టెయ్యకు."

తల్లి కూతురి మొహంలోకి చూసి, సరేనని తలూపింది.

కార్యక్రమం మొదలైంది. వాతావరణం చెప్పేవాడి వెనక పటం కూలింది. పాత నాటకంలో మహారాజు ముంజేతిన గడియారం మెరిసింది.

"పడ్డవాణ్ణి చూస్తే నవ్వెందుకొస్తుందంటారా? పడింది మనం కాదుగా, అందుకు!" అన్నాడు పెద్దాయన. "ఇదిగో, మన నవ్వుల మహారాణి!"

తెరమీద పాత ముక్కలో తల్లి నవ్వసాగింది. స్టూడియోలో కెమెరా ఆగింది, ఎర్రదీపం ఆరింది. పెద్దాయన కాలరు వదులు చేసుకుని ఒళ్లు విరుచుకున్నాడు. కూతురు అతడి ఇయర్‌ఫోన్‌లో మెల్లగా అడిగింది.

"పాపం, ఆవిడ దీపం చూసుకోలేదా సార్?"

అడుగుతూనే కెమెరా మీట నొక్కింది. దీపం మీట జోలికి పోలేదు.

"అమ్మాయ్, దీపం!" అని పక్కనున్న సౌండతను ఆ మీటకు చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"వెలిగితేగా చూసుకోడానికి!" పెద్దాయన నవ్వాడు. "నేనే మర్చిపోయా. జోకు వేసిందీ నేనే. ఒప్పుకుంటే నా ఉద్యోగం ఊడేది. ఆవిడ నోరులేని మనిషి కాబట్టి బతికిపోయా."

అప్పుడామె దీపం వెలిగించింది. అతడి కళ్లద్దాల్లో రెండు ఎర్రని చుక్కలు నిలిచాయి. పెదవుల మీద నవ్వు ఇంకా చెరగలేదు. ఆ నవ్వును ఊరంతా చూస్తోంది.

ఆమె ఫోను మోగింది.

"చూశానే," అంది తల్లి. "నాకు రావలసిన బాకీ పూర్తిగా చెల్లిపోయింది. ఇక ఆయన మీంచి కెమెరా తీసెయ్యి."