బెల్టు పెట్టుకున్న సంచి

ఆదివారం ఏసు గుడి నుంచి రాగానే దానమ్మ సంచి సర్దడానికి కూర్చుంది. సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. రెండు దుప్పట్లు, ఆరు చీరలు, తలనొప్పి మాత్రలు, మూతికి గుడ్డ కట్టిన గోంగూర పచ్చడి జాడీ. సందు మిగిలిందని దాని పక్కన ఇంకో చిన్న జాడీ.

"అత్తా, నేను పోతాండేది ఆళ్లగడ్డకు. అండమాన్‌కు కాదు," అంది కోడలు కరుణ, గడప మీద నిలబడి.

"ఆళ్లగడ్డయితే ఆకలి కాదా ఏంది?"

కరుణ సైన్సు టీచరు. నంద్యాల నుంచి ఆమెను ఈ నెలే ఆళ్లగడ్డ హైస్కూలుకు బదిలీ చేశారు. దూరం నలభై కిలోమీటర్లు. ఇంటి ముందు కొత్త కారుంది, నడపడం వచ్చు, రోజూ పోయి రావచ్చు. కానీ ఆ దారిన రోజూ ఒంటరిగా పోతానని కోడలు అనగానే దానమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి కరుణే దిగివచ్చి, అక్కడ సుజాత అనే తోటి టీచరు ఇంటి మీద గది చూసుకుంది. ఈ సాయంత్రం తాళం చేతికి వస్తుంది. ఇక శనివారానికి శనివారమే ఇల్లు. కొడుకు వినయ్ సున్నిపెంటలో ఉద్యోగమని ఎప్పుడో వారానికొకసారి వచ్చే చుట్టమయ్యాడు. దానమ్మ పంతం నెగ్గింది. నెగ్గాక చూసుకుంటే ఇల్లు ఖాళీ అవుతోంది. అందుకే సంచి ఒక పట్టాన సర్దుబాటు కావడం లేదు.

"ఇప్పటికైనా ఊ అను అత్తా. సంచి విప్పేస్తా. సాయంత్రానికల్లా ఇంటికొస్తా రోజూ."

"ఆ దారి వద్దు."

"కారుకేమన్నా అయితే కారే ఫోన్ చేస్తాదని నువ్వే చదివినావు గదా!"

చదివింది నిజమే. దానమ్మ బడి ముఖం చూడలేదు. నోటికి వచ్చిన గుడి పాటలను పాటల పుస్తకంలో అచ్చుతో సరిపోల్చుకుంటూ, పాడుతూ పాడుతూ తనంతట తానే చదువు నేర్చుకుంది. అప్పటి నుంచి అచ్చు కనబడితే వదలదు. ఎరువుల బస్తా, మందు సీసా చీటీ, బజ్జీల పొట్లం, అన్నీ చదువుతుంది. కారుతో పాటు వచ్చిన తెలుగు పుస్తకాన్ని మూడుసార్లు చదివింది. అందులో ఒక్క పేజీ మాత్రం మూల మడిచి పెట్టుకుంది.

"చదివితే అయిపోతాదా? నీ ఫోను పగిలిపోతే అదెట్లా చేస్తాది?"

"దాని సిమ్ము దానికుంది. ముందర, పక్కల సెన్సార్లుంటాయి. గట్టిగా గుద్దుకుంటే గాలి సంచులు ఉబ్బుతాయి చూడు, అవి ఉబ్బినప్పుడే లోపలుండే పెట్టె ఫోన్ కలుపుతాది. కారు యాడుండాది, ఏ పక్కకు తిరిగుండాది, ఎంతమంది బెల్టు పెట్టుకున్నారు, అంతా పంపిస్తాది. కంపెనీ వాళ్లు మనతో మాట్లాడతారు. మనం పలకలేదనుకో, అంబులెన్సుకు చెప్తారు."

"కారు బ్యాటరీ పోతే?"

"దానికి ఇంకో చిన్న బ్యాటరీ."

"అదీ పోతే?"

"అప్పుడు నువ్వు జాడీ ఎత్తుకొని వెతుక్కుంటా రా."

"ఎగతాళి చేయమాక. ఆ గోడకు ఒక్కసారి గుద్ది చూపియ్యి. నమ్ముతా."

"ఏందత్తా! సీట్ల మీద కవర్లు కూడా పీకనియ్యకపోతివి, కారును గోడకు గుద్దల్నా?"

మధ్యాహ్నం మూడింటికి బయలుదేరారు. కోడల్ని గదిలో దించి తాను బస్సులో తిరిగి రావాలని దానమ్మ ఏర్పాటు. సంచిని వెనక సీట్లో నిలబెట్టింది. జాడీ ఒరిగితే నూనె కారుతుందని దానికి బెల్టు కూడా పెట్టింది.

"ఇంకేం, నాకు తోడు దొరికింది," అంది కరుణ. "గదిలో దానికీ ఒక మంచం వేయిస్తా."

నంద్యాల దాటినప్పటి నుంచి దానమ్మ కళ్లు రోడ్డు మీదనే ఉన్నాయి. కారు శిరివెళ్ల దాటింది. ఎడమ వైపు దూరంగా నల్లమల కొండలు నీలంగా కనిపిస్తున్నాయి. కాలువ వంతెన రాగానే, "ఆపు," అంది.

ఎందుకని కరుణ అడగలేదు. కారును రోడ్డు దింపి, ఇంజను ఆపకుండా నిలబెట్టింది. ఈ వంతెన కథ ఆమె పెళ్లయిన వారానికే విన్నది.

దానమ్మ భర్త సామ్యేలు డోలక్ వాయించేవాడు. ఒక వానాకాలం సాయంత్రం, ఆళ్లగడ్డలో ప్రార్థన కూటానికని డోలక్‌ను లూనా బండి వెనక కట్టుకొని బయలుదేరాడు. సంచి సర్ది ఇచ్చింది దానమ్మే. ఆయన రాకపోయేసరికి ఆళ్లగడ్డ వాళ్లు వానకు జడిసి నంద్యాలలోనే ఆగాడనుకున్నారు. నంద్యాలలో దానమ్మ, కూటం పొద్దుపోయి ఆళ్లగడ్డలోనే పడుకున్నాడనుకుంది. ఇద్దరికీ మధ్యలో, ఈ వంతెన కింద ఆయన బండితో సహా పడి ఉన్నాడు. తెల్లవారాక ముందు డోలక్ కనిపించింది. చాలాసేపు ప్రాణంతోనే ఉన్నాడని, యాడున్నాడో తెలిసుంటే బతికేవాడని డాక్టరు అన్నాడు. ఆ 'యాడ' అన్న మాట అప్పటి నుంచి దానమ్మ లోపల కూర్చుంది.

"ప్రార్థన చేస్తా. కండ్లు మూసుకో," అంది దానమ్మ.

ఆమె ఏ ప్రార్థన చేసినా ఆ వస్తువు మీద చెయ్యి ఉండాలి. కొత్త కుక్కరు, వినయ్ మోటారు సైకిలు, పక్కింటి వాళ్ల చూడి మేక, అన్నింటి మీదా ఆ చెయ్యి పడింది. ఇప్పుడు కారు పైకప్పుకు, అద్దానికి కాస్త పైన, అరచెయ్యి ఆనించి గట్టిగా అదిమింది. చిన్న ప్రార్థన చేయడం ఆమెకు రాదు.

"ప్రభువా, ఈ బిడ్డను ఈ దారి దాటించు. గదిలో ఒక్కతే ఉంటాది. నేనూ ఒక్కదాన్నే ఉంటా. నేను చేసింది మంచో చెడో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పాల తండ్రీ..."

"నమస్కారం అండీ. మీకు సహాయం కావాలా?"

దానమ్మ కళ్లు తెరవలేదు. జవాబు ఇంత తొందరగా వస్తుందని గానీ, ఆడగొంతులో వస్తుందని గానీ ఆమె అనుకోలేదు. కరుణ మాత్రం కళ్లు తెరిచి, అత్త అరచెయ్యి ఎక్కడుందో చూసి, "అయ్యో, ఎమర్జెన్సీ బటన్!" అని నోరు మూసుకుంది.

"మీ కారు నుంచి అత్యవసర కాల్ వచ్చిందండీ. శిరివెళ్ల దాటాక హైవే మీద, కాలువ వంతెన పక్కన, ఆళ్లగడ్డ వైపు తిరిగి ఉన్నారు. కారులో ముగ్గురున్నట్టు చూపిస్తోంది. అందరూ క్షేమమేనా? అంబులెన్సు పంపించమంటారా?"

"వద్దు మేడం, పొరపాటున నొక్కినాము," అంది కరుణ. "ఇద్దరమే ఉండేది."

"మూడో బెల్టు కూడా పెట్టి ఉందండీ. వెనక సీట్లో వారు మాట్లాడగలరా?"

"వెనక సీట్లో ఉండేది గోంగూర పచ్చడి మేడం."

అవతల ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడం కారంతా వినిపించింది. కరుణ స్టీరింగు మీద తల పెట్టుకొని నవ్వుతోంది. దానమ్మ నవ్వలేదు.

"అమ్మా," అంది పైకప్పు వైపు చూస్తూ. "నువ్వు యాడుండావు?"

"హైదరాబాదులో అమ్మా."

"ఆడ కూర్చొని ఈ వంతెన నీకు కనపడుతాందా?"

"కారు చెప్పిందమ్మా. ఉపగ్రహాలను బట్టి అది ఎక్కడుందో దానికి తెలుస్తుంది."

"అన్ని చోట్లా తెలుస్తాదా? నిజం చెప్పు. నేను ముసలిదాన్ని, భయపడను."

"అన్ని చోట్లా కాదమ్మా. సిగ్నల్ అసలు లేని అడవిలో, కొండల్లో కాల్ కలవకపోవచ్చు. మీ దారిలో అయితే బాగానే ఉంది."

పుస్తకంలో లేని ఆ మాటతో దానమ్మకు నమ్మకం కుదిరింది.

"మేము యాడుండామో ఇంకొక్కసారి చెప్తావామ్మా?"

ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది. శిరివెళ్ల, వంతెన, ఆళ్లగడ్డ వైపు. దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది. ఆ పక్క ఊరికీ ఈ పక్క ఊరికీ ఒక రాత్రంతా తెలియని చోటు ఇదే. కరుణ నవ్వు మానేసింది.

"ఇంకేమైనా సహాయం కావాలా అమ్మా?"

"వద్దు తల్లీ. ముగ్గురం బాగుండాము."

ఆళ్లగడ్డలో సుజాత తాళం పట్టుకొని గేటు దగ్గరే నిలబడి ఉంది. దానమ్మ కారు దిగి, పెద్ద జాడీ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"తాళం నీ దగ్గరే పెట్టుకోమ్మా. మా కరుణ రోజూ ఇంటికొస్తాది."

"మరి నా పచ్చడి?" అంది కరుణ.

"చిన్న జాడీ ఉంది గదా, ఏడ్వమాక. ఒక్క మాట విను. బడికి చేరినాక నువ్వే ఫోన్ చేయాల. కారు చేసేదాకా నన్ను కూర్చోబెట్టొద్దు."

"సరే అత్తా. ఇంటికి పోదామా? నీ చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకో."

దానమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. దానికంటే ముందు వెనక్కి తిరిగి సంచి బెల్టు సరిచూసింది.

కరుణ ఆ సాయంత్రం ఇంటికి వచ్చింది. సోమవారం బడికి పోయి అయిదున్నరకు వచ్చింది. ఆ తర్వాతా రోజూ వస్తోంది. సామ్యేలు రాలేదు. 1996 ఆగస్టు పదకొండో తేదీ సాయంత్రం నాలుగింటికి ఆళ్లగడ్డకని ఇల్లు వదిలాడు, మళ్లీ రాలేదు.