వీధి దాటే తిండి

పెళ్లయిన నలభైవ రోజున మేము జగదల్‌పూర్ బయల్దేరాం. కాకినాడలో ఇంటర్ చదివి, కొంటాలో దుకాణమున్న ఇంటికి కోడలిగా వెళ్లిన నాకు ఆ ప్రయాణమంతా పండగే. దోర్నపాల్‌లో మా ఆయన కొనిచ్చిన సీతాఫలం, నా చీర కుచ్చెళ్లకంటిన ఎర్రమట్టి, అన్నీ ముద్దుగానే తోచాయి. దుకాణం సరుకుల లారీ ముందు సీట్లో మా ఇద్దరి మధ్య ఆయన నాయనమ్మ మహాలక్ష్మి కూర్చుంది. చచ్చేలోపు అక్కడి గుడిలో దంతేశ్వరమ్మను చూడాలని పట్టుబట్టి వెంట వచ్చింది. తోంగ్‌పాల్ దాటగానే ఆమెకు చలిజ్వరం మొదలైంది.

జగదల్‌పూర్ చేరాక నేరుగా ఆసుపత్రికే వెళ్లాం. జ్వరం రోజు విడిచి రోజు వచ్చింది. క్వినైన్ మాత్ర వేసిన ప్రతిసారీ నాయనమ్మ కక్కేసింది. నాలుగో రోజు, జ్వరం రాని రోజు, డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాడు: సాయంత్రంలోగా కడుపులో ఏదైనా నిలబడితే మాత్ర నిలుస్తుంది, లేకపోతే రేపటి జ్వరానికి ఈమె తట్టుకోలేదు.

కానీ ఆమె తినదు. నీళ్లతో వండింది ఏదైనా వీధి దాటితే వాళ్లింట్లో పెద్దవాళ్లు ముట్టరు. మేం దిగిన సత్రానికీ ఆసుపత్రికీ మధ్య పెద్ద వీధి. నేను కాచి తెచ్చిన జావ చూసి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పాలు తాగితే కక్కింది. అరటిపండు గొంతు దిగలేదు. ఇక వీధి దాటగలిగేవి నీటిచుక్క తగలకుండా పాలతోనో నేతితోనో చేసిన మిఠాయిలే. నాకు కోవా చేయడం కూడా రాదు. నేను నేర్చుకున్నది కెమిస్ట్రీ.

వార్డు ఆయా బుధ్రిని బతిమాలాను. ఆమెది కొంటా పక్క పల్లె, మన మాట వచ్చు. ఇద్దరం ఎండలో బజారంతా తిరిగాం. మొదటి హోటల్లో జిలేబీ ఉంది, పిండి నీళ్లతో కలిపారు. రెండోదాంట్లో బూందీ, అదీ అంతే. మూడు గంటలైంది. నాకు దారిలోనే ఏడుపొచ్చింది.

బజారు చివర రేకుల కప్పు కింద ఒక ఒడియా ఆయన హోటలు కనిపించింది. అద్దాల బీరువాలో తెల్లటి, పసుపుపచ్చటి మిఠాయిల వరుసలు, మీద కుంకుమపువ్వు, గిన్నెల్లో మీగడ తరకలు. అంత ఆపదలోనూ నా కళ్లు వెలిగిపోయాయి. ఆ హోటలాయన అప్పుడే నిప్పుల్లోంచి, అక్కడ సర్గి అనే సాల ఆకుల మూట ఒకటి తీసి విప్పాడు. లోపల అంచులు గోధుమరంగులో మాడిన మెత్తటి ముద్ద. ఏలకుల వాసన. బుధ్రి అక్కడి హల్బీ భాషలో అడిగి చెప్పింది, ఇందులో పాలూ చక్కెరా ఏలకులూ తప్ప నీటిచుక్క లేదని. నేను చిన్న ముక్క నోట్లో వేసుకున్నాను. పైన కాస్త చేదు, లోపల వెన్నలాంటి తీపి. అవతల ఒక మనిషి పస్తుంటే నేను ఇంత ఆనందపడవచ్చా అని సిగ్గేసింది. అయినా ఇంకో వాయికి ఆయన పాలల్లో పులుపు పోసి విరగ్గొట్టి, గుడ్డలో వేసి నీరు పిండేసి, చక్కెర కలపడం కళ్లప్పగించి చూశాను.

మూట గుండెలకు అదుముకుని ఆసుపత్రికి పరుగెత్తాను. మా ఆయన నాయనమ్మను లేపి కూర్చోబెట్టాడు. ఆమె వాసన చూసి, నాలుగు రోజుల్లో మొదటిసారి తనంతట తానే చెయ్యి చాపింది.

"ఎట్ల చేసిండ్రే పిల్లా?" అని అడిగింది.

నేను సంబరంగా అంతా చెప్పాను. పాలు ఎలా విరిగాయో, నీరు ఎలా వేరైందో కూడా.

ఆమె చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.

"కొత్త కోడలివి. నీ చేత్తోని విరిగిన పాలు మోసుకొస్తివా? తీసెయ్. నేను పోతే పోత. మీ కాపురం మీదికి కీడు నేను తేను."

వాళ్లింట్లో పాలు విరిగితే కాపురానికి చేటని గిన్నెతో సహా పెరట్లోకి తీసుకెళ్లి ఒంపేస్తారని నాకు ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఆమె కాళ్ల మీద తల పెట్టి, తినమని బతిమాలుతూనే ఉన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. కిటికీలో ఎండ పచ్చబడింది. డాక్టరు వచ్చే వేళవుతోంది. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. నా చదువే ఆమెను చంపుతోందనిపించింది.

ఆమె భయం తన గురించి కాదు, మా గురించి. అది అర్థం కాగానే నేను ఒక ముక్క తుంచి సగం తినేశాను. మిగిలిన సగం ఆయన ముందు పట్టాను.

ఆయన తీసుకోలేదు. ఆ ముక్కకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆ కాసేపు నాకు నాయనమ్మ గురించి కాక మా ఇద్దరి గురించే భయమేసింది. నిజంగానే నేను ఏదో విరగ్గొట్టానేమో.

ఆయన నా చేతిలోంచే అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం వినబడి నాయనమ్మ కళ్లు తెరిచింది.

"ఏందిరా దశరథా, ఇద్దరూ తిన్నరా?"

"తిన్నం నాయనమ్మా."

ఆమె చాలాసేపు మా ముఖాలు మార్చి మార్చి చూసింది. బుద్ధి లేని సంత అని గొణిగింది.

"ఇగ నేనెవరి కోసం ఉపాసముండాలె? ఇటు తే. ఇంటికాడ మీ అమ్మకు చెప్పకుర్రి."

రెండు ముక్కలు తింది. డాక్టరు వచ్చి మాత్ర ఇచ్చాడు. కక్కితే పట్టడానికి బుధ్రి పళ్లెంతో మంచం పక్కన నిలబడింది. ముగ్గురం నాయనమ్మ గొంతుకేసే చూస్తున్నాం. ఒకసారి వికారంతో ముందుకు వంగింది. ఆయన నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నాడు. ఆమె త్రేన్చి, మళ్లీ వెనక్కి వాలింది.

పావుగంటయ్యాక బుధ్రి ఖాళీ పళ్లెం తీసుకుని బయటికి వెళ్లింది.