చీడికాడ బస్సుకు చెప్పిన మాట

దేముడమ్మ కూతురికి కాంపోజిట్ లెక్కలు రాయించింది. దానివల్ల చీడికాడ బస్సు రోజూ గంటసేపు చోడవరంలో నిలిచిపోవడం మొదలైంది.

ఆ బస్సు పద్ధతి దారిలో ఊళ్లన్నిటికీ తెలుసు. పొద్దున్న ఎవరిని తీసుకొస్తే, సాయంత్రం వాళ్లంతా ఎక్కేదాకా కదలదు. డ్రైవర్ పరదేశి దాంతో పెనుగులాడడం ఎప్పుడో మానేశాడు. ఎవరైనా ఆలస్యమైతే దిగి చుట్ట కాల్చుకునేవాడు.

ఆ జూన్‌లో కూతురు చిన్నమ్మి ఫోర్తు ఫారంలో, అంటే తొమ్మిదో తరగతిలో చేరింది. ఏ బడి అని ఎంచుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. విశాఖపట్నంలో హాస్టలుంది గాని, ఖరగ్‌పూర్ రైల్వేలో కలాసీగా ఉన్న దేముడమ్మ మొగుడి జీతం అంతదూరం రాదు. అనకాపల్లికి వీళ్ల ఊరినుంచి బస్సు లేదు. మిగిలింది చోడవరం. అక్కడ ఎంచుకోవలసింది ఏ లెక్కలన్నదే. ఆడపిల్లలంతా జనరల్ లెక్కలు, డొమెస్టిక్ సైన్సు తీసుకుని మూడున్నరకే వెళ్లిపోతారు. లెక్కల మేష్టారు ఒక్కరే కావడంతో ఆల్జీబ్రా, జామెట్రీ ఎక్కువుండే కాంపోజిట్ క్లాసు బడి వదిలాక పెడతారు.

"జనరల్ తీసుకుంటే రేపు కాలేజీలో సైన్సు ఇవ్వరమ్మా. ఈ పిల్లకి లెక్కలు బాగా వస్తున్నాయి," అన్నారు ఆ మేష్టారు, కృపారావుగారు.

"అయితే అదే రాసీండి బాబూ," అంది దేముడమ్మ. బస్సు సంగతి ఆవిడకి తట్టలేదు.

మొదట్లో బస్సులో అందరూ నవ్వేరు. "ఏటి దేముడమ్మా, మీ గుంట కలెట్రవుతాదా? ముందు ఈ రోడ్డేయించమను!" వానలు పట్టి, దిగేసరికి చీకటి పడిపోతుంటే నవ్వులు ఆగిపోయాయి. రోజూ అదే బస్సులో వచ్చే దేముడమ్మ సొంత అన్న బంగార్రాజే గట్టిగా అడిగాడు.

"ఒసే, నీ ఒక్క గుంట కోసం బస్సు బస్సంతా సీకట్లో దిగాలా? అందరాడపిల్లలకీ సాలిన లెక్కలు దానికి సాలవేటి?"

ఆ మర్నాటినుంచి బంగార్రాజు కండక్టర్ని పంపి, క్లాసు మధ్యలో చిన్నమ్మిని పిలిపించేవాడు. ఆ పిల్ల ఎక్కగానే బస్సు కదిలేది. క్వార్టర్లీ పరీక్షలో చిన్నమ్మి ప్రతి సిద్ధాంతాన్నీ సగందాకా నిరూపించి, మిగతాది తెల్లకాగితం వదిలేసింది.

కార్తీకంలో ఒకరోజు దేముడమ్మ కూడా బజారు పనిమీద వచ్చి, అదే బస్సులో కూర్చుంది. పక్కన చీడికాడ అచ్చియ్యమ్మ. తల్లికి మాట పడిపోయింది, ఊపిరి మాత్రం ఉందని ఆవిడకి మధ్యాహ్నం కబురొచ్చింది. అచ్చియ్యమ్మ ఎవర్నీ తిట్టలేదు.

"ఇంకా ఎంతసేపవుతాదమ్మా?" అని మాత్రం అడిగింది.

"ఎల్లి నీ గుంటని తీసుకురాయే!" అన్నాడు బంగార్రాజు.

దేముడమ్మ వెళ్లింది. బడి కిటికీలోంచి చూసింది. చిన్నమ్మి బోర్డు దగ్గర సుద్దముక్కతో నిలబడి ఉంది. మేష్టారు వెనక బెంచీలో మగపిల్లల పక్కన కూర్చుని, ఆ పిల్ల రాస్తున్నది చూస్తున్నారు. త్రిభుజం గీయడం అయింది. కింద సగం రాయడమూ అయింది.

పిలవకుండా తిరిగొచ్చింది.

"ఏదీ?" అన్నాడు పరదేశి.

దేముడమ్మ బస్సు ముందుకెళ్లి రేకు మీద చెయ్యి వేసింది. "అది రాదు. ఇక అది మా ఊరి మనిషి కాదు, నీ పేసింజరూ కాదు. కదులు."

బస్సు కదిలింది. కండక్టరు ఆవిడ చెయ్యి పట్టి లోపలికి లాగాడు. బస్టాండు పక్కన బట్టలు కుట్టే మణెమ్మ కనబడితే, "మణెమ్మక్కా! మా గుంటని నీకాడ ఉంచుకో!" అని దేముడమ్మ కేకేసింది.

"ఎన్నాళ్లకే?" అని మణెమ్మ అరిచేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

తల్లికి ఊపిరుండగానే అచ్చియ్యమ్మ ఇల్లు చేరింది.

శనివారం చిన్నమ్మి బట్టల మూటతో వచ్చి ఎక్కింది. బస్సు కదల్లేదు. ఎక్కినవాళ్లంతా ఎటో చూస్తూ కూర్చున్నారు. ఆ పిల్ల దిగింది. బస్సు కదిలింది.

"నువ్వన్న మాటేగదా, ఎనక్కి తీసీసుకోయే," అన్నాడు బంగార్రాజు. ఇప్పుడు అతని గొంతులో కోపం లేదు.

"తీసుకుంటే సోమారం నించి మళ్లీ దానికోసం ఆగిపోతాది."

ఆదివారం దేముడమ్మ చోడవరం వెళ్లింది. మణెమ్మ ఇంటి వసారాలో కూతురికి తల దువ్వింది.

"నడిసొచ్చెస్తానమ్మా. ఎనిమిది మైళ్లేగదా."

"రాకు. ఊళ్లో అడుగెట్టేవంటే మళ్లీ ఊరిదానివైపోతావు. బస్సు పట్టీసుకుని మళ్లీ నీకోసం ఆగిపోతాది."

"నాకు ఈ లెక్కలొద్దు."

దేముడమ్మ జడ బిగించి, చోడిపిండి డబ్బా మణెమ్మకిచ్చి, సాయంత్రం బస్సెక్కింది. బస్సు ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఆ ఏడు మొగుడు సెలవు మీద వచ్చేడు. "నా పిల్లని నా ఇంట్లో సూసుకోకూడదా?" అని ఆవిడని నిలదీశాడు. రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు దేముడమ్మ ఇంటికి తాళం వేసి, అతన్ని చోడవరం తీసుకెళ్లి, మణెమ్మ వసారాలో కూతురి పక్కన కూర్చోబెట్టింది. రెండేళ్ల తర్వాత చిన్నమ్మి హైస్కూలు ముగించే సిక్స్తు ఫారం పరీక్షలో ఆఖరి పేపరు రాసి బయటికొచ్చేదాకా, బస్సుకు చెప్పిన మాట ఆవిడ వెనక్కి తీసుకోలేదు.