ఇంటిమనిషి కుట్టు

ఆ అమ్మాయి గడ్డం మీద కుట్లు విప్పుతుంటే నాకు కుళ్ళు పుట్టింది. ఇంకో మర్యాదైన మాట వెతకను, కుళ్ళే. సన్నటి దారం చివర పట్టుకుని, ముడి కింద కత్తెర పెట్టి ఒక్కొక్కటే తీస్తున్నాను. కింద మచ్చ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె టీవీలో వార్తలు చదువుతుంది. పుట్టుమచ్చ పెరుగుతోందని తీయించుకుంది. అది తీసిన రోజు డాక్టరైన మా ఆయన ఆమె దగ్గర గంటసేపు కూర్చున్నారు. ముందు లోపల కరిగిపోయే దారంతో ఒక వరస కుట్టి, ఆ తర్వాత పైన వెంట్రుకంత దారంతో అంచుకి అంచు ఆనించారు. "లాగే బరువంతా లోపలి కుట్టు మోయాలమ్మా. పైచర్మానికి బిగువు తగలకూడదు. అప్పుడే మచ్చ సన్నగా మానుతుంది," అని బుజ్జగిస్తున్నట్టు చెప్పారు. పెళ్ళయ్యాక ఆ గొంతుతో ఆయన నాకు ఏ సంగతీ చెప్పిన గుర్తు లేదు. పక్కన ట్రే పట్టుకుని నిలబడింది నేనే.

ఆయన నా మెడ పక్కన గడ్డ తీసిన రోజున కూడా ఆ ట్రే సర్దుకున్నది నేనే. ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికిన సందులో, ఫోను స్పీకర్లో పెట్టి ఎవరితోనో స్థలం బేరం మాట్లాడుతూ, చేతికందిన లావుపాటి దారంతో పైపైన బిగించి లాగేశారు. లోపల కుట్టరా అని అడిగాను. "ఇంటిమనిషివి, నీకెందుకే అవన్నీ," అన్నారు. ఆ మాట అప్పుడు ముద్దుగానే వినిపించింది. కుట్లు విప్పమని వారం దాటాక అడిగితే రేపన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ రేపన్నారు. చివరికి అద్దం ముందు నిలబడి నేనే విప్పుకున్నాను. అప్పటికే దారం చర్మంలోకి దిగి అడ్డగీతలు పడిపోయాయి. ఇప్పుడు నా మెడ మీద చిన్న నిచ్చెన ఉంది. అది చూసి మా అత్తగారు, జుట్టు వదిలేసుకుంటే ఎవరికి కనపడుతుందన్నారు. మొగుడే డాక్టరు, నీకేం లోటని కూడా అన్నారు. క్లినిక్ తాళం తీసేది, కత్తెర్లు, పట్టకార్లు శుభ్రం చేసేది, పేర్లు పిలిచేది నేనే. ఇంటిమనిషికి జీతమేమిటని ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ అమ్మాయి అద్దంలో గడ్డం అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది. తర్వాత ఆమె కళ్ళు నా మెడ మీద పడ్డాయి.

"అయ్యో, ఇదెక్కడ కుట్టించుకున్నారండీ? మీ ఆయనగారి దగ్గరే చేయించుకోవాల్సింది కదా," అంది.

పాపం, నిజంగానే జాలిపడింది. నవ్వి, తీసిన దారం ముక్కలు ట్రేలో వేశాను. నిజం చెప్పాలంటే ఆమె అందం మీద, ఉద్యోగం మీద నాకేం ఈర్ష్య లేదు. నా కుళ్ళంతా ఆయన ఆమెకిచ్చిన ఆ గంట మీదే. ఆ గంట నాకు రావాల్సిందని ఒళ్ళు మండిపోయింది.

తలుపు అవతల ఆయన అంతా విన్నారు. సిగ్గుపడతారేమో అనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర కంచంలోంచి తలెత్తకుండా, "రేపట్నుంచి పేషెంట్ల ముందు ఆ మెడ కప్పుకో. క్లినిక్ పేరు పోతుంది," అన్నారు. ఎప్పుడైనా ఖాళీ దొరికితే సరిచేస్తాలే అని కూడా అన్నారు. ఆ ఖాళీలో ఏ దారం వాడతారో నాకు తెలుసు. కంచాలు తీశాను.

మర్నాడు జుట్టంతా పైకెత్తి ముడి వేసుకుని, క్లినిక్‌లో నా కుర్చీలో కూర్చున్నాను. ఆయన వస్తూనే చూశారు. నోరు తెరిచేలోపు ఒకావిడ వచ్చింది. నుదుటి మీద గడ్డ తీయించుకోవాలట, మచ్చ మిగిలిపోతుందేమోనని బెంగట. చెబుతూ చెబుతూ నా మెడ చూసి ఆగిపోయింది.

"అది ఎవరు కుట్టారండీ?" అంది.

"ఈ డాక్టరుగారే," అన్నాను, గుమ్మంలో నిలబడిపోయిన ఆయన్ని చూపిస్తూ. "మీరేం బెంగపడకండి, మీకు బాగా కుడతారు. మీరు బయటివాళ్ళు కదా."